పోగు తీసేసిన లాకు మనిషి

ఆషాఢం, బహుళ తదియ

ఇవాళ దాటిన పడవలు, నీటి మట్టం, గాలి వాటం అన్నీ పై పేజీలో రాశాను. కట్ట బోర్డు వాళ్ళకి కావలసింది అంతవరకే. ఇక్కడ రాసేది నా ఒళ్ళు మండిన సంగతి.

పొద్దున్నే పోటు నిండుగా ఉంది. కట్టకి అవతల సముద్రం మా ఇళ్ళ కప్పులకన్నా ఎత్తున ఉంటుంది, అది మాకు మామూలే. కోళ్ళ పడవ ఒకటి సముద్రం వైపు నుంచి లాకు తొట్టిలోకి వచ్చింది. లాకు మనిషి అబ్బులు సముద్రపు తలుపు చక్రం తిప్పి మూసి, "మూసేనోయ్" అని కేకెయ్యాలి. ఆ కేకని అతని చెవిపోగు వింటుంది. అక్కణ్ణించి నా పోగుకీ, మోటారు గదిలో వాళ్ళ పోగులకీ చేరుతుంది. కేక పడ్డాక ఇంక ఎవరూ లేచి చూడరు. మా లాకుల్లో అదే ఆనవాయితీ. కేక పడింది, నా చెవిలో పోగు మెత్తగా "సముద్రపు తలుపు మూసి ఉంది" అంది, నేను కాలువ తలుపు తెరవమన్నాను.

సముద్రపు తలుపు బార్లా తెరిచే ఉంది. నీళ్ళు ఒక్క ఊపున వచ్చి పడవని కాలువలోకి విసిరేశాయి. కోళ్ళ గంపలు తేలిపోయాయి. పడవవాడు నా ఏడు తరాలనీ తిట్టాడు. మోటారు గదివాళ్ళు తేరుకుని తలుపు మూసేలోగా ఉప్పునీళ్ళు పక్క నారుమళ్ళలోకి ఎక్కేశాయి. మనుషులకేమీ కాలేదు, అదే పదివేలు.

నేను రొప్పుకుంటూ పైకి వెళ్ళాను. "ఏవయ్యా అబ్బులూ, తలుపు మూశావా?"

"మూసేనండి," అన్నాడు నింపాదిగా. "మీ అన్నయ్యగారు పక్కనే ఉన్నారు కదండీ. ఆయన కూడా సక్రానికి ఓ సెయ్యేశారు."

మా అన్నయ్య పోయిన కార్తీకంలో చనిపోయాడు. పాడె మోసినవాళ్ళలో అబ్బులు ఒకడు. ఇప్పుడు అతని నోట్లోంచి గుప్పున నాచు సారా వాసన. చచ్చిపోయిన మనిషిని సాక్షిగా తెచ్చుకుంటున్నాడని నాకు కోపం నషాళానికి అంటింది. నేనన్న మాటలు ఇక్కడ రాయను, బోర్డువాళ్ళు ఎప్పుడైనా చదివితే బాగుండదు.

ఆషాఢం, అమావాస్య

ఆస్పత్రి పడవ వచ్చింది. డాక్టరు జుబేదాగారు అబ్బుల్ని చూస్తానన్నారు. అతని భార్య నూకరత్నం, నేను పక్కనే కూర్చున్నాం.

"ముందు ఆ పోగు తియ్యండి," అన్నారు డాక్టరుగారు.

అందరం ముఖాలు చూసుకున్నాం. పసితనంలో చెవులు కుట్టించేటప్పుడు పెట్టిన పోగు మా ప్రాంతంలో ఎవరూ తియ్యరు. స్నానానికి కూడా తియ్యం. ఎదురుగా వచ్చే మనిషి పేరేమిటో, బియ్యం డబ్బాలో ఎంతున్నాయో, పిల్లలకి మందు ఎప్పుడు వెయ్యాలో చెవిలో చెప్పేది అదే. అది లేకుండా నలుగురిలో కూర్చోవడమంటే చొక్కా విప్పి కూర్చున్నట్టే. అబ్బులు సిగ్గుపడుతూనే తీశాడు.

డాక్టరుగారు "కొడవలి, మామిడికాయ, పచ్చ చీర" అని చెప్పి, అతనిచేత తిరిగి అనిపించి, కాసేపు వాన గురించి మాట్లాడి, ఇందాక ఏం చెప్పానని అడిగారు. అబ్బులు తడుముకోలేదు. వాళ్ళ చెల్లెలి పెళ్ళికి కొన్న ఇత్తడి బిందె గురించి చెప్పాడు. పొద్దున్న ఏం తిన్నారంటే పెసరట్టు అన్నాడు, అల్లం కొంచెం ఎక్కువైందని కూడా అన్నాడు.

"గంజి తాగేడండి," అంది నూకరత్నం నేలచూపులు చూస్తూ.

నేను ఎవరినని అడిగితే మాత్రం వెంటనే చెప్పాడు. నేను ఈ లాకుకి కొత్తగా వచ్చిన రోజున పడవ తాడు కాళ్ళకి చుట్టుకుని బోర్లా పడ్డానని, ఆ రోజు నేను కట్టుకున్న చీర రంగుతో సహా చెప్పాడు. అది అక్షరాలా నిజం.

తరవాత డాక్టరుగారు మమ్మల్ని బయటికి పిలిచారు. "ఆయన అబద్ధం ఆడటం లేదు తాయారుగారూ. ఏళ్ళ తరబడి తిండి మానేసి సారాతో కడుపు నింపుకుంటే బి-వన్ అనే విటమిన్ ఒంటికి అందదు. మెదడులో కొత్త సంగతుల్ని నిలబెట్టే చోటు దెబ్బతింటుంది. పాతవి చాలావరకు ఉంటాయి. కొత్తవి నిలవవు. ఖాళీ వచ్చిన చోట మెదడే ఏ పాత ముక్కో తెచ్చి అతికిస్తుంది. ఆయనకి అది నిజంగా జరిగినట్టే ఉంటుంది. మీ అన్నయ్యగారు కూడా అలాగే వచ్చారు."

"మరి ఇన్నాళ్ళూ మాకెందుకు తెలియలేదు?"

"చెవిలో పోగు ఉందిగా. పేర్లు అది అందించింది, పనులు అది అందించింది. ఇంకో తమాషా ఏమిటంటే, మనిషి నోటితో అన్నదాన్ని పోగు నిజమని దాచుకుంటుంది. మూశానని ఆయన అంటారు, మూశారని అది దాచుకుంటుంది, కాసేపటికి తలుపు సంగతేమిటని ఆయన అడిగితే మూసి ఉందని చెబుతుంది. ఇద్దరూ ఒకరినొకరు నమ్ముకుని బతుకుతున్నారు."

నేను ఆ రోజు అన్న మాటలు గుర్తొచ్చి నాకు చాలా బాధనిపించింది.

శ్రావణం, శుద్ధ షష్ఠి

బోర్డు నుంచి ఉత్తర్వు వచ్చింది. అబ్బులుని లాకు పని నుంచి తప్పించాలి. క్వార్టరు ఖాళీ చెయ్యాలి. అతన్ని మెట్ట మీద ఆశ్రమానికి పంపుతారు. అక్కడ ఆడవాళ్ళకి చోటు లేదు. నూకరత్నం ఈ కట్ట మీద నాచు ఆరబెట్టే కళ్ళంలో పనిచేస్తుంది, కట్ట వదిలితే ఆవిడకి బతుకుతెరువు లేదు. అంటే మొగుడూ పెళ్ళాలు చెరో దిక్కు. పక్కన లేని మనిషిని అబ్బులు ఎన్నాళ్ళు గుర్తుపెట్టుకుంటాడో దేవుడికే తెలియాలి.

నేను ఎదురు రాశాను. కార్తీకంలో పెద్ద పోటు ముందు ఒక పరీక్ష పెట్టమన్నాను, నెగ్గితే ఉంచమన్నాను. నా రాత బాగా ఘాటుగా ఉన్నట్టుంది, ఒప్పుకున్నారు.

అబ్బులు ఇంకా ఆస్పత్రి పడవలోనే ఉన్నాడు. అంత తాగిన మనిషి ఉన్నపళంగా మానేస్తే ఫిట్సు వచ్చి ప్రాణం మీదికి వస్తుందట. అందుకే దగ్గర ఉంచుకుని మానిపిస్తున్నారు. బి-వన్ సూదిమందు ఇస్తున్నారు. కొంత తేరుకుంటాడు కానీ మొత్తం తిరిగి రాదని డాక్టరుగారు ముందే చెప్పేశారు. నూకరత్నం తలూపి, "ఉన్నది సాలండి, దాంతోనే సేసుకుంటాం," అంది. ఏదో కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా అంది.

శ్రావణం, బహుళ విదియ

అబ్బులు ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. బుగ్గలు కాస్త నిండాయి. నడక ఇంకా తూలుతోంది, కానీ కళ్ళు తేటగా ఉన్నాయి.

వచ్చిన రోజునే నూకరత్నం పోగు తెచ్చి అతని అరచేతిలో పెట్టింది. పెట్టుకుని కాసేపు విన్నాడు. వింటున్నకొద్దీ ముఖం ముడుచుకుపోయింది.

"ఇది సెప్పేవన్నీ నిజాలేనేటే?"

"కొన్ని నిజాలు మావా. కొన్ని నువ్వు దానికి సెప్పినయ్యి."

"ఏవి ఏవో దానికి తెలుసా?"

"దానికీ తెల్దు. నీకూ తెల్దు."

అబ్బులు పోగు తీసి ఆవిడకిచ్చేశాడు. "నా మాటే నాకు తిప్పి సెప్తంది. నాకొద్దు. ఖాళీగా ఉన్నా పర్లేదు."

నాకు ఏడుపొచ్చింది, దాచుకోవలసిన అవసరమేమీ లేదు. తనలో ఎంత ఖాళీ ఉందో తెలిశాక కూడా దాన్ని అబద్ధంతో పూడ్చుకోనన్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. కాకపోతే సాయంత్రానికి ఆ సంగతే మరిచిపోయి, చెవి తడుముకుంటూ పోగు ఎవరో కొట్టేశారని గొడవపెట్టాడు. నూకరత్నం మొదటి నుంచీ మళ్ళీ చెప్పింది. మళ్ళీ విన్నాడు, మళ్ళీ వద్దన్నాడు. ఆవిడ చెప్పడం, అతను వద్దనడం రోజూ జరుగుతోంది. ఒక్కరోజు కూడా ఇంకో జవాబు చెప్పలేదు.

భాద్రపదం, శుద్ధ దశమి

లాకు పని నేర్పడం మొదలుపెట్టాం. డాక్టరుగారు ఒకటే గట్టిగా చెప్పారు. చేతులకి వేరే జ్ఞాపకం ఉంటుంది, అది చెడలేదు, దాంతో నేర్పండి. కానీ తప్పు చెయ్యనివ్వకండి. మనమైతే తప్పు చేసి దిద్దుకుంటాం. ఆయనకి దిద్దిన సంగతి పోతుంది, చేసిన తప్పు చేతిలో మిగిలిపోతుంది.

నూకరత్నం కళ్ళం పని ముగించుకుని వచ్చి అతని వెనక నిలబడుతుంది. చక్రం మీద అతని చేతులు, వాటి మీద ఆవిడ చేతులు. తిప్పడం, కొక్కెం వెయ్యడం, తలుపు రెక్కలు కలిసే చోట అరచెయ్యి ఆనించి నీళ్ళు చిమ్మడం లేదని తెలుసుకోవడం, అప్పుడే కేక. అరచెయ్యి ఆనించడం మా పద్ధతుల్లో లేదు, అది ఆవిడ కలిపింది. గుర్తుందా అని ఎప్పుడూ అడగదు. తరవాతేంటో చెప్పు అని అడగదు. అతని చెయ్యి సందేహంగా ఆగేలోపే ఆవిడ చెయ్యి దారి చూపిస్తుంది.

నాకేమో ఓపిక తక్కువ. నిన్న ఆవిడ రావడం ఆలస్యమైంది. ఎంతవరకు వచ్చిందో చూద్దామని, "అబ్బులూ, కొక్కెం ముందా, చక్రం ముందా?" అని అడిగాను. కొక్కెం అన్నాడు. కాదన్నాను. అంతే, ఇవాళ పొద్దుటినుంచీ చెయ్యి తిన్నగా కొక్కెం మీదికే పోతోంది.

నూకరత్నం నన్ను పక్కకి లాగింది. "అమ్మగారూ, మీరు పెద్దోరు. మీకు దణ్ణం పెడతాను. ఆడిని పరీచ్చలడక్కండి. మీరడిగిన ఒక్క మాట తియ్యాలంటే నాకు పదిరోజులు పడతాది."

సరేనన్నాను. ఈ పదిరోజులూ నేను నోటికి తాళం వేసుకోవాలి. నన్ను ఎరిగినవాళ్ళకి తెలుసు అదెంత కష్టమో.

భాద్రపదం, బహుళ ఏకాదశి

నూకరత్నం అన్నట్టే పదిరోజులు పట్టింది కానీ, లాకు పని కుదుటపడింది. ఇప్పుడు భయం సారా దుకాణంతో.

చెయ్యి పని నేర్చుకున్నట్టే కాళ్ళు కూడా ఎప్పుడో నేర్చుకున్నాయి. సాయంత్రం పని అయ్యేసరికి అబ్బులు కాళ్ళు కట్ట మీదుగా దుకాణం వైపు వెళ్ళిపోతాయి. మానేశానని అతనికి గుర్తులేదు. ఇంకెవరైనా మానేస్తే ఇన్ని వారాలైంది కదా అని గుండె దిటవు చేసుకుంటారు. అతనికి ఆ వారాలు లేవు. ప్రతి సాయంత్రమూ నిన్నటిదాకా తాగిన మనిషే.

"దుకాణం ఎత్తించేద్దామా?" అన్నాను ఆ మధ్య నూకరత్నంతో.

"ఎన్ని ఎత్తిస్తారండి. కాళ్ళకి ఇంకోటి అలవాటు సేద్దాం."

అప్పటినుంచి రోజూ ఆ వేళకి అతని చెయ్యి పట్టుకుని దుకాణం ముందునుంచే నడిపిస్తోంది. వేరే దారి ఉన్నా ఆ దారినే. దుకాణం దాటి కట్ట చివర మరమరాల బండి దాకా వెళ్ళి, నిమ్మకాయ పిండిన ముంత మిక్చరు చెరొకటి తిని వస్తారు. దుకాణం దగ్గర అతను ఆగితే ఆవిడా ఆగుతుంది. "నువ్వు మానేసేవు మావా," అంటుంది. ఒక్కోరోజు అతను కసురుకుంటాడు. ఒకరోజు చెయ్యి విదిలించుకుని బెంచీ మీద కూర్చున్నాడు కూడా. ఆవిడ అరవలేదు, పక్కనే కూర్చుంది. చాలాసేపటికి, "ఎప్పుడు మానేసేనే?" అన్నాడు. "ఇయ్యాల," అంది ఆవిడ. లేచి నడిచాడు.

ఆశ్వయుజం, బహుళ పంచమి

ఇవాళ కళ్ళంలో సరుకు ఎగుమతి, నూకరత్నం రాలేకపోయింది. సాయంత్రం అబ్బులు ఒక్కడే బయల్దేరాడు. నేను దూరంగా వెనకే నడిచాను. పిలవకూడదని నాలిక కరిచిపట్టుకున్నాను.

దుకాణం ముందు ఆగాడు. లోపలినుంచి పాత స్నేహితుడెవడో "రారా అబ్బులూ" అని పిలిచాడు. అబ్బులు నవ్వాడు. ముక్కు ఎగబీల్చాడు. ఆ వాసన నాదాకా వస్తోంది, ఇక అతనికెలా ఉండి ఉంటుందో. కాళ్ళకేసి చూసుకున్నాడు, ఎటు వెళ్ళాలో వాటినే అడుగుతున్నట్టు. తరవాత కాళ్ళు నడిచాయి. మరమరాల బండి దగ్గరికి వెళ్ళి రెండు ముంతలు ఇమ్మన్నాడు. రెండోది ఎవరికో అతనికి తెలియదు. చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

నేను వెళ్ళి ఆ రెండోది తిన్నాను. కారం ఎక్కువైంది, అందుకే కళ్ళు నీళ్ళు తిరిగాయని అతనికి చెప్పాను.

కార్తీకం, శుద్ధ ద్వాదశి

పరీక్ష జరిగింది. బోర్డు నుంచి తారకేశ్వరిగారు వచ్చారు. ముక్కుసూటి మనిషి, నవ్వు తక్కువ. అబ్బులు చెవి బోసిగా ఉండటం చూసి, "పోగు లేకుండానా?" అన్నారు. అవునన్నాను.

పొద్దున్న వరసగా పడవలు దాటించాడు. చక్రం, కొక్కెం, అరచెయ్యి, కేక. ఒక్కచోట తడబడలేదు. నూకరత్నం అవతలి గట్టున చేతులు ముడుచుకుని నిలబడింది. దగ్గరికి రాకూడదని తారకేశ్వరిగారు ముందే చెప్పారు. గాలిలోనే ఆవిడ వేళ్ళు కదులుతున్నాయి.

తరవాత అతన్ని నా గదిలోకి పిలిచి టీ ఇప్పించారు, తుపాన్ల గురించి కబుర్లాడారు. పాత తుపాన్లన్నీ బ్రహ్మాండంగా చెప్పాడు. అతను టీ గ్లాసు కింద పెట్టాక ఆవిడ మామూలుగా అడిగారు. "అబ్బులుగారూ, ఆఖరి పడవ దాటాక సముద్రపు తలుపు మూశారా?"

ఇక్కడే ఖాళీ వస్తుంది, ఇక్కడే ఏదో ఒకటి వచ్చి అతుక్కుంటుంది. మా అన్నయ్య వస్తాడో, పెసరట్టు వస్తుందో. నా చెవిలో పోగు "మూసి ఉంది" అని అప్పటికే అనేసింది. ఆ మాట అతని నోట వస్తే చాలని, తప్పని తెలిసీ మొక్కుకున్నాను.

అబ్బులు కుడిచెయ్యి మోకాలి మీద ఆనించి, ఆనిన చోటునే చూశాడు. అక్కడ తలుపు లేదు.

"తెల్దండి," అన్నాడు. "సెయ్యెట్టి సూసొచ్చి సెప్తాను."

లేచి వెళ్ళాడు. మేము వెనకే వెళ్ళాం. తలుపు రెక్కలు కలిసే చోట అరచెయ్యి ఆనించాడు. నీళ్ళు సన్నగా చిమ్ముతున్నాయి. కొక్కెం తీసి ఉంది. మేము టీ తాగుతుండగా తారకేశ్వరిగారి మనిషే తీశాడు. అబ్బులు చక్రం బిగించి, కొక్కెం వేసి, మళ్ళీ అరచెయ్యి ఆనించి, కట్టంతా వినపడేలా "మూసేనోయ్" అని కేకేశాడు.

తారకేశ్వరిగారు నావైపు తిరిగారు. "తెలియదు అనే మాట ఈయనకి ఎవరు నేర్పారు?"

నేను అవతలి గట్టుకేసి చూపించాను. నూకరత్నం అక్కడే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. తారకేశ్వరిగారు వంతెన దాటి ఆవిడ దగ్గరికి వెళ్ళి, పక్కన మట్టిలోనే కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. పని, క్వార్టరు అబ్బులువే. ఇకమీద అన్ని లాకుల్లోనూ కేకకి ముందు అరచెయ్యి ఆనించాలని కూడా ఉంది అందులో.

కార్తీకం, పౌర్ణమి

పెద్ద పోటు. తలుపులు గట్టిగా నిలబడ్డాయి. అబ్బులు పొద్దున్నే పనిలోకి వస్తూ నా గది ముందు ఆగాడు. ముఖంలో బెరుకు.

"అమ్మగారూ, నాకేదో పరీచ్చంట కదండీ. తప్పితే నన్ను మెట్టకి పంపేత్తారంట. రత్నం ఒక్కత్తీ అయిపోద్ది."

"పరీక్ష అయిపోయిందయ్యా. నెగ్గావు. ఇల్లు నీదే, పని నీదే."

అతని ముఖం ఎలా వెలిగిందో రాయడం నాకు చేతకాదు. నిన్న కూడా ఇలాగే వెలిగింది, మొన్న కూడా. పరీక్ష అయిన సంగతి నిలవదు, నెలల తరబడి విన్న దాని భయం మాత్రం ఎలాగో నిలిచిపోయింది. రోజూ ఈ వార్త మొదట నా నోట వినాలని నేను కాస్త ముందే వచ్చి కూర్చుంటున్నాను.

చక్రం వైపు రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "మరి తాగుడండీ?"

"మానేశావు."

నమ్మలేనట్టు చూశాడు. "నేనా? ఆ పని నావల్ల ఎలాగయిందండీ?"

"సాయంత్రం చూద్దువుగాని," అన్నాను.

"సరేనండి," అని పనిలోకి వెళ్ళాడు.